శరత్కాల యాత్రకు బయలుదేరే వారితో

(హనుమాన్ జంక్షన్‌లో ఆంజనేయస్వామి సన్నిధిని యాత్రికులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



విజయదశమి మరునాడు ఈ కూడలి నుండి బస్సులో బయలుదేరి, మొదట హిమాలయ క్షేత్రాలను, పిమ్మట మరుభూమి అంచున ఉన్న పుష్కరాన్ని సేవించి రావాలని మీరు సంకల్పించారు. సత్రం దొరికిన చోట సత్రం, లేనిచోట డేరా. ఇది తెలుగువారికి కొత్త కాదు. 1830 మే 18న చెన్నపట్నం నుండి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు డేరాలతో, బోయీలతో, సుమారు నూరుమంది పరివారంతో కాశీయాత్ర చేసి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. మజిలీ మజిలీకి వసతి, నీరు, దినుసులు ఎట్లా ఉన్నవో రాసిపెట్టారు. అంతటి భక్తునికే ఆ లెక్క అవసరమైనది.

పుష్కరమే ముందు చూద్దామని కొందరు అడిగారు. అట్లా కుదరదు. కేదారనాథ ఆలయాన్ని దీపావళి తరువాతి యమద్వితీయనాడు మూసివేస్తారు. బదరీనాథ ద్వారాలు మూసే ముహూర్తాన్ని విజయదశమినాడు ప్రకటిస్తారు. సాధారణంగా అది నవంబరులో ఉంటుంది. పుష్కర స్నానాలకు విశేషకాలం కార్తిక శుద్ధ ఏకాదశి నుండి పూర్ణిమ వరకు. మామిడి రైతులకు ఈ క్రమం అనుకూలమే, పూతకు ముందే ఇల్లు చేరుతారు. వరి రైతులు మాత్రం కోతలు లెక్క చూచుకొని పేరు ఇవ్వండి.

కేదారనాథం 11,700 అడుగులకు పైబడిన ఎత్తు. అక్కడ గాలి పలుచన. మొక్కుబడి ఉన్నదని ఒక్క పరుగున ఎక్కకండి. దిగువన ఒకటి రెండు రాత్రులు ఆగి వెళ్ళండి. గుండెజబ్బు, ఆయాసం ఉన్న పెద్దలు వైద్యుని అడగకుండా బస్సు ఎక్కడం నాకు సమ్మతం కాదు. తలనొప్పి, వాంతులు, మగత కనిపిస్తే కిందికి దించడమే చికిత్స. దర్శనం తరువాతి మాట.

మరుభూమి సంగతి వేరు. కొల్లేటి తడిగాలిలో పెరిగిన మనకు చెమట పట్టితేనే దాహం గుర్తుకు వస్తుంది. అక్కడ చెమట పట్టినట్లే తెలియదు, పొడిగాలి ఆర్పివేస్తుంది. దాహం వేయకున్నా నీరు తాగుతూ ఉండాలి. పొద్దుగుంకితే ఇసుక త్వరగా చల్లారుతుంది. పగటి ఎండను నమ్మి దుప్పట్లు వదలిపెట్టి వెళ్ళకండి.

ఇక వంట. 2023 ఆగస్టులో మదురైలో నిలిపి ఉంచిన యాత్రికుల రైలుపెట్టెలో గ్యాస్‌బండ కారణంగా మంటలు లేచి తొమ్మిదిమంది మరణించారు. వారూ తీర్థయాత్రకు వచ్చినవారే. అందుచేత పొయ్యి బస్సులో వెలిగించరాదు, డేరాలో వెలిగించరాదు. వాన కురిసినా సరే. ఆ పూట అటుకులు, పెరుగు, ఆవకాయ చాలు.

కొండదారిలో రాత్రి ప్రయాణం వద్దు. డ్రైవరు నిద్రపోయే వేళ బస్సులో భజన చేయకండి. వంటవారు, డ్రైవరు సామానుకు కాపలా ఉండి, క్షేత్రం వరకు వచ్చికూడా దర్శనం లేకుండా తిరిగి రావడం మన యాత్రలలో తరచు జరుగుతున్నది. ఈసారి ప్రతి క్షేత్రంలోనూ వారిని తొలి జట్టులో పంపండి. వారు వచ్చేవరకు డేరా వద్ద ఎవరెవరు ఉంటారో, ఆ పేర్లు ఇప్పుడే ఇక్కడ రాసి ఇవ్వండి.