గ్రహాంతర దొరలు - నల్లమల సీమ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయములలో పురాణములకును, నవలలకును, వ్యవసాయ గ్రంథములకును చోటున్నట్లే విజ్ఞాన కల్పనా కథలకును ఒక బీరువా ఉండుట మేలు. అన్యగ్రహములనుండి ఎవరో దిగివచ్చి భూలోకమును ఆక్రమించుకొనిరనియు, మానవజాతి వారి ఏలుబడిలో బ్రతుకవలసివచ్చెననియు చెప్పు కథలు వానిలో ఒక పెద్ద శాఖ. ఉబుసుపోకకు చదువుకొను పిల్లల కథలని పెద్దలు వీనిని త్రోసివేయుట కలదు. కాని మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములవారికి ఇవి దూరపు కథలు కావు. వీని వేరు ఆకాశమున లేదు, భూమిమీదనే ఉన్నది.

ఈ శాఖలో మొదటి గొప్ప గ్రంథము హెచ్. జి. వెల్స్ అను ఆంగ్ల రచయిత 1898లో వెలువరించిన 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్'. కుజగ్రహవాసులు లండను నగర సమీపమున దిగుదురు. మూడుకాళ్ళ యంత్రములెక్కి అగ్నికిరణములతో ఊళ్ళు తగులబెట్టుదురు. సూర్యుడస్తమింపని సామ్రాజ్యమని గర్వించు ప్రజలు మూటాముల్లె పట్టుకొని పారిపోవుదురు. వెల్స్ ఈ కథ నేల వ్రాసెను? దానికి జవాబు మొదటి ప్రకరణముననే ఉన్నది. ఐరోపావారు ఏబది యేండ్లలో టాస్మేనియా ద్వీపవాసులను రూపుమాపిరని గుర్తుచేసి, అదే పని కుజులు చేసినచో మొరపెట్టుకొను హక్కు మనకెక్కడిదని ఆయన తన జాతివారిని ప్రశ్నించెను. ఆ ద్వీపవాసుల సంతతి నేటికిని అచ్చట ఉన్నది. అయినను ప్రశ్న ప్రశ్నగానే నిలిచినది. ఏలువాడు ఏలబడువాని స్థానమున తన్ను నిలుపుకొని చూచుటలో ఈ గ్రంథము పుట్టినది.

ఏలబడినవారికి అట్టి ఊహతో పనిలేదు. 1800 అక్టోబరు 12వ తేదీ సంధివలన నైజాము నవాబు ఈ సీమను, ఇరుగుపొరుగు సీమలతోపాటు, సైనిక వ్యయముక్రింద ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. పొలము దున్నువానినిగాని, అడవిలో తేనెపట్టు తీయువానినిగాని ఎవ్వరును అడుగలేదు. ఒక ప్రభువు ఏలుబడిలో పండుకొన్నవారు తెల్లవారి మరియొక ప్రభువు ఏలుబడిలో లేచిరి. ఆకాశమునుండి నౌకలు దిగుట ఇంతకంటె వింత కాదు.

వెల్స్ కథలో ఒక సైనికుడు కలడు. భూగర్భమున దాగి, జనమును కూడగట్టి, కుజులను ఎదుర్కొందునని పెద్ద పెద్ద మాటలాడును. చేతితో త్రవ్వినది మాత్రము ఒక చిన్న గొయ్యి. ఈ ప్రాంతపు చరిత్రలో మాటలకన్న చేత ముందున్నది. కంపెనీవారు పాలెగాండ్ర సంస్థానములను తీసివేసి, వారి వారసులకు భరణము లిచ్చిరి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి దక్కినది నెలకు పదకొండు రూపాయల చిల్లర. 1846 జూలైలో ఆయన కోయిలకుంట్ల ఖజానాపై పడి, పిదప గిద్దలూరువద్ద కంపెనీ సేనతో పోరాడి, నల్లమల చేరెను. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోయిలకుంట్లలో ఉరితీసిరి. 1877 వరకు ఆ శిరస్సు కోట గుమ్మమున వ్రేలాడినది. ముప్పదియేండ్లు ఒక తలను ప్రదర్శించిన దొరతనము తన భయమును కూడ ప్రదర్శించినట్లే. జనులు ఆ వీరుని పాటలుగా పాడుకొనిరి.

క్రూరుడైన పరాయివానిని ద్వేషించుట సులువు. దయాళువైన పరాయివాని మాట యేమి? ఈ చిక్కుప్రశ్నను ఆర్థర్ సి. క్లార్క్ 1953లో 'చైల్డ్‌హుడ్స్ ఎండ్' అను నవలలో ఎత్తుకొనెను. కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మేర్పడిన సంవత్సరమును అదియే. ఆ నవలలో మహానగరములపై నౌకలు వచ్చి నిలుచును. వచ్చినవారు యుద్ధములు మాన్పింతురు, దారిద్ర్యము పోగొట్టుదురు. వారికి క్లార్క్ పెట్టిన పేరునకు తెనుగున సరియైన మాట 'దొరలు'. వారి పర్యవేక్షకుడు కారెలెన్ సౌమ్యుడు, తెలివిగలవాడు. అయితే మానవులలో క్రొత్తది కనిపెట్టవలెనను తపన క్రమముగా చల్లారును. తుదకు పిల్లలు తల్లిదండ్రులకు కాకుండ పోవుదురు, భూమియే నశించును. దొరలకు తొలినుండియు ఈ అంతము తెలియును. కాని అనుభవింపవలసినవారికి వారు చెప్పలేదు.

ఈ సీమకును ఒక కారెలెన్ వచ్చియుండెను. సర్ థామస్ మన్రో 1800 మొదలు 1807 వరకు దత్త మండలములకు ప్రధాన కలెక్టరు. ఊరూర తిరిగి, నేలలు కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించు రైత్వారీ పద్ధతిని పాదుకొల్పెను. జనులు ఆయన పేరు తమ బిడ్డలకు పెట్టుకొనిరని ప్రసిద్ధి. ఆయన మంచితనమును కాదనుట కృతఘ్నత. కాని మద్రాసు గవర్నరుగా 1824 చివర వ్రాసిన నివేదికలో మన్రోయే ఒక కఠిన సత్యమును ఒప్పుకొనెను. దేశీయులను ఉన్నతాధికారమునకు దూరముచేయు పాలన ఎంత శాంతి నిచ్చినను, ప్రజల శీలమును దిగజార్చునని దాని సారాంశము. ప్రశ్నింపరాని దయ ప్రజను బాలునిగానే ఉంచును. క్లార్క్ నవలగా చెప్పినదానిని మన్రో అంతకు నూట ఇరువది యెనిమిది ఏండ్లముందే అధికార పత్రమున వ్రాసెను.

వెల్స్ కథాంతమున కుజులు సూక్ష్మజీవులవలన చచ్చిపోవుదురు. మన్రోయును 1827 జూలై 6న పత్తికొండలో కలరాచేతనే మరణించెను. కాని ఆయనతో దొరతనము మరణింపలేదు. కథకును చరిత్రకును ఇదియే భేదము. పరాయి ఏలుబడిని క్రిములు తొలగింపవు, మనుష్యులే తొలగింపవలెను. అందుకు కత్తికన్న అక్షరము ఎక్కువకాలము పనిచేసినది. కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో 'క్రూర విదేశీ వ్యాఘ్రము' అను వ్యాసమునకు కారాగారమున కేగెను. ఆయనయే పిదప గ్రంథాలయోద్యమమునకు నాయకులలో ఒకరయ్యెను. పులిని పులియని పిలుచుట ఒక్కని సాహసము. దానిని పదిమందిచేత చదివించుట గ్రంథాలయపు పని.

ఇంతవరకు కథ సుఖముగానే ఉన్నది. దొరలు పోయిరి. దొరబావి రైలువంతెన పేరులో మాత్రము దొర మిగిలెను; బ్రాడ్‌గేజి వచ్చిన పిదప ఆ వంతెన పనియు తీరినది. కాని నల్లమల చెంచులను అడిగినచో కథ వేరుగా నడుచును. 1882 మద్రాసు అటవీ చట్టముతో, తరతరములుగా వారు తిరిగిన అడవి సర్కారు అడవి యయ్యెను. దుంప త్రవ్వుటకును, తేనె తీయుటకును అనుమతి కావలసివచ్చెను. పశువుల మేతకై పుల్లరి కట్టుమనినందుకు తిరుగబడి, పల్నాటి కన్నెగంటి హనుమంతు 1922లో ప్రాణములిచ్చెను. స్వరాజ్యము వచ్చినను అడవి హద్దులు అట్లే నిలిచినవి. 1983లో ఈ అడవి పులుల రక్షణ పథకము క్రిందికి వచ్చినది. పులిని కాపాడుట అవసరమే. అయితే దోర్నాల, యర్రగొండపాలెము ప్రాంతపు గూడెములలోని చెంచుకు, తన్నడుగక తన యింటికి హద్దు గీసినవాడు తెల్లదొరయైననేమి, నల్లదొరయైననేమి?

పరాయితనము రంగులో లేదు, గ్రహములోను లేదు. ఏలబడువానికి జవాబు చెప్పనక్కరలేని అధికారములో ఉన్నది. అడవిబిడ్డలకు చారిత్రకముగా అన్యాయము జరిగినదని 2006 అటవీ హక్కుల చట్టము తన పీఠికలోనే అంగీకరించినది. హక్కుల విచారణ గ్రామసభతో మొదలు కావలెనని విధించినది. వన్యప్రాణులకై జనమును తరలింపవలసివచ్చినను, విషయము విడమరచి చెప్పి గ్రామసభ సమ్మతి పొందవలెనని శాసించినది. క్లార్క్ దొరలు చేయని పని అదియే. అయినను చదువరాని చట్టము ఆకాశమున నిలిచిన నౌకవంటిది. దానిని నేలకు దింపవలసినవారు చదువరులే.

కావున రజతోత్సవము జరుపుకొనుచున్న గ్రంథాలయమునకు ముందున్న పని స్పష్టము. వెల్స్‌ను, క్లార్క్‌ను బీరువాలో ఉంచుట మంచిదే. దాని ప్రక్కనే అటవీ హక్కుల చట్టపు తెలుగుప్రతి ఉండవలెను. చెంచుగూడెపు బాలుడు చెప్పులు బయట విడిచి జంకక లోనికివచ్చి కూర్చుండి, ఆ రెంటిని చదువవలెను. వెల్స్ ఏలబడువాని కథను ఊహించి వ్రాసెను. ఆ బాలునకు ఊహతో పనిలేదు. వానికి కావలసినవి కాగితము, కలము, కూర్చుండుటకు చోటు. స్వర్ణోత్సవమునాటికి వాడు వ్రాసిన పుస్తకము ఈ బీరువాలో చేరినచో, గ్రంథాలయము తన పని తాను చేసినట్లు.