చదరంగం గళ్లు, మూడో ఎక్కం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను ట్రెజరీలో లెక్కలు చూసి రిటైరైన మనిషిని. అందుకే ఒక్క లెక్క గురించే చెబుతాను.

తొమ్మిదో తరగతిలో ఒక శనివారం లెక్కల సారు బోర్డు మీద చదరంగం గీసిండ్రు. మొదటి గడిలో ఒక వడ్ల గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇట్లా రెట్టిస్తూ పోతే 64 గళ్లలో మొత్తం ఎన్ని గింజలు? "ఇరవై అంకెల జవాబు వస్తది. సోమవారం చూపించాలె" అన్నరు.

ఆదివారం రాత్రి కందిలి ముందు కూర్చున్న. నలభై గళ్లు దాటేసరికి కండ్లు మూతలు పడ్డయి. ఇరవై అంకెలని సారు ముందే చెప్పిండ్రు కదా, తోచిన ఇరవై అంకెలు రాసి పడుకున్న.

సోమవారం సారు నా నోటుబుక్కు తీసుకొని అంకెలన్నీ కూడి, మూడుతో భాగించిండ్రు. ఒకటి మిగిలింది.

"చేసినవా, రాసినవా?"

"చేసిన సార్" అన్న.

సారు కొట్టలేదు, తిట్టలేదు. బోర్డు మీద గళ్లను రెండేసి జతలుగా చుట్టిండ్రు. ఒకటీ రెండూ మూడు. నాలుగూ ఎనిమిదీ పన్నెండు. పదహారూ ముప్పై రెండూ నలభై ఎనిమిది. ఏ జత తీసుకున్నా మొదటి గడికి మూడింతలు. ముప్పై రెండు జతలూ అంతే. కాబట్టి మొత్తం మూడుతో తెగి తీరాలె. అరవై నాలుగు గళ్లు లెక్కపెట్టకుండానే నా అబద్ధం సారుకు తెలిసిపోయింది.

ఆ వారమంతా మళ్లీ చేసిన. 18446744073709551615 వచ్చింది. అంకెల మొత్తం 87. మూడుతో తెగింది. తర్వాత తెలుగు సారు ఒక పాత పద్యం చెప్పిండ్రు. అందులో శరమంటే 5, చంద్రుడంటే 1, వేదమంటే 4, ఆకాశమంటే 0. మాటలను అంకెలు చేసి వెనుక నుంచి చదివితే అదే సంఖ్య! ఒక్కొక్క అంకె నా నోటుబుక్కుతో కలుస్తుంటే కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

ఈ సంఖ్యను రెండును 64 సార్లు గుణించి ఒకటి తీసేసినా పొందవచ్చు. కనుక మనం బడిలో నేర్చుకున్న వర్గాల భేద సూత్రంతోనే ఇది విడిపోతుంది: 3, 5, 17, 257, 65537, 4294967297. వీటిలో చివరిది కూడా ప్రధాన సంఖ్యే అని ఫ్రాన్స్ గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641, 6700417గా విడగొట్టి చూపాడు. అంటే మన గింజల సంఖ్యకు ప్రధాన కారణాంకాలు ఏడు. అంతటి ఫెర్మా కూడా చేసి చూడకుండా నమ్మినచోట పొరబడ్డాడు.

ఇట్లా తేలికగా విడిపోని సంఖ్యలూ ఉన్నాయి. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం సులువు, లబ్ధం నుంచి వాటిని వెతికి తీయడం మహా కష్టం. 1977లో వచ్చిన ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య లిపికి ఈ కష్టమే తాళం. అలాంటి 250 అంకెల సంఖ్య ఒకదాన్ని 2020లో విడగొట్టడానికి వేలాది కంప్యూటర్ల శక్తి కావలసి వచ్చింది. మన షాద్‌నగర్ పక్కనే ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని అందుకునే కేంద్రం ఉంది. ఆ దారిలో పోయే పిల్లలకు ఇలాంటి లెక్కలు దూరం కాకూడదని నా కోరిక.

నౌకరీలో ఉన్నన్నాళ్లూ ఏ బిల్లు ముందుకొచ్చినా "చేసినవా, రాసినవా" అన్న మాటే చెవిలో వినిపించేది. సంతకం పెట్టే ముందు ఇంకోసారి కూడేవాణ్ని.

సార్, మీరు ముందు వరుసలో కూర్చున్నరు. ఆ సోమవారం నేను చేయలేదు సార్, రాసిన. ఈ మాట చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది. క్షమించండి. ఆ తర్వాత మాత్రం చేసిన.