ఎండల్లో తుంబురు తీర్థానికి

ఫాల్గుణ పౌర్ణమి నాటికి ఎండ ముదురుతుంది. సరిగ్గా అప్పుడే తిరుమలలో పాపవినాశనం దాటి వేలమంది అడవిబాట పడతారు. అది తుంబురు తీర్థ ముక్కోటి ఉత్సవం. రాళ్లు, వాగులు, ఎక్కుడు దిగుడు దాటాక నిట్టనిలువు రాతిగోడల మధ్య ఇరుకు, అందులో చల్లటి నీళ్లు. చెమట ఆరనిచ్చి నెమ్మదిగా దిగండి. ఎంత ఈత వచ్చినా లోతు తెలియని మడుగులోకి దూకొద్దు, అడుగున బండలుంటాయి.

నీటి ధ్యాసలో పడి పూలను దాటేయకండి. నాకైతే ఈ దారికి అసలు అందం కొండగోగు. నీటిని పొదుపు చేసుకోవడానికి ఆకులన్నీ రాల్చేసిన మోడుకొమ్మల చివర, అరచేతంత పసుపు పూలు! ఐదు రేకులు, మధ్యలో ఒత్తుగా కేసరాలు. ఆకు అడ్డం లేదు గనుక తేనెటీగలకు దూరం నుంచే కనిపిస్తాయి. దయచేసి కోయకండి. ఆ పువ్వే కాయై, పగిలి, దూదితో పాటు విత్తనాన్ని గాలికి వదలాలి. చిలకముక్కులాంటి మోదుగపూలూ ఈ కాలానివే. ఈ అడవులున్న శేషాచలాన్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఎర్రచందనానికి పుట్టిల్లు ఈ ప్రాంతమే.

పొద్దెక్కకముందే బయలుదేరండి. మంచినీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ దగ్గరుంచుకోండి. గుంపులో మెల్లగా నడిచేవారిని ముందుంచి, వారి అడుగును బట్టే మిగతావారు నడవాలి. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవారు ఈ నడక పెట్టుకోకపోవడమే మంచిది. ముక్కోటి కాని రోజుల్లో అనుమతి లేకుండా ఈ అడవిలోకి వెళ్లకూడదు.