అక్షరముల నడుమ ఎడము
(బిలాసపురము, వ్యాపార్ విహార్‌లో తెలుగు ఉద్యోగుల సభయందు చదువబడిన ప్రసంగపాఠము)



రైలుపట్టాల నడుమ నుండు ఎడమును గూర్చి ఈ యూరివారికి వేరుగ చెప్పవలసిన పని లేదు. 1882 నాటికి నాగపురమునుండి రాజ్‌నంద్‌గావ్ వరకు వేయబడిన బాట మీటరు గేజిది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే దానిని కొని, బ్రాడు గేజిగా మార్చి, బిలాసపురము మీదుగా తూర్పునకు సాగించినది. గేజి మారుచోట సరకంతయు ఒక బండినుండి దింపి వేరొక బండి కెక్కింపవలెను. బస్తాలు చినుగుటయు, కుండలు పగులుటయు ఆ దింపుటలోనే. నేడు తెలుగు పుట ఒక కంప్యూటరునుండి వేరొక కంప్యూటరునకు పోవునపుడు జరుగునదియు ఇట్టిదే.

శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములనుండి రైలుకొలువులకై వచ్చి ఈ దిక్కున స్థిరపడిన కుటుంబములలో పిల్లలు బడిలో చదువునది హిందీ, ఆంగ్లములు. వారి కంటబడు తెలుగు అచ్చు మిక్కిలి స్వల్పము. సంఘములు వెలువరించు సంచికలు అందులో నొకటి. అట్టి సంచికను ఇచ్చటనే అచ్చు వేయింపబోయినచో, పుట కూర్చు డి.టి.పి. ఆపరేటరునకు తెలుగు రాదు. కృతిదేవ్ ఫాంటుతో హిందీని చకచక కూర్పగల సమర్థుడే. కాని ‘స్త్రీ’ యను అక్షరము ముక్కలై ‘స్‌త్‌రీ’ యని నిలిచినను అతనికి తెలియదు. తెలియకపోవుట అతని తప్పును కాదు. ఆ పుట చదివిన పిల్లవాడు మాత్రము తెలుగు అట్లే యుండు ననుకొనును.

సీసపు అచ్చులనాడు కష్టము వేరు. తెలుగు కేసు అరలలో అచ్చులు వందలకొలది. కంపోజిటరు వత్తును వెదకి తీసి అక్షరముతో నిమిడింపవలెను. ఆ శ్రమలో నొక సౌకర్యము గలదు. అక్షరమున కిరువైపుల నుండవలసిన ఎడము ఆ సీసపు తునకలోనే పోతపోయబడి యుండెను. దానిని మదరాసునుండి బిలాసపురమునకు తెచ్చినను వెండ్రుకవాసి మారదు. కంప్యూటరు సంగతి అట్లు కాదు. ఒకచోటినుండి వేరొకచోటికి పోవునది అక్షరము కాదు, అక్షరపు సంఖ్య. రూపమును, ఎడమును చేరినచోటి యంత్రము తానే కల్పించుకొనును.

1985లో మాకింటాష్ యంత్రమునకై పేజ్‌మేకర్ వెలువడినది; డి.టి.పి. యను మాటయు దానితోడనే వ్యాపించినది. అది తెలుగు నెరుగదు. కావున అను, శ్రీలిపి మొదలగు ఫాంట్లను చేసినవారు ఒక ఉపాయము పన్నిరి. ఆంగ్లాక్షరములకును, చిహ్నములకును కేటాయించిన గళ్ళలో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు మొదలైన తెలుగు ముక్కలను నింపిరి. పని నడచినది. పుస్తకములు, పత్రికలు, శుభలేఖలు ఏండ్లతరబడి అట్లే వెలువడినవి. ఆ ఉపాయమును చులకన చేయుట న్యాయము కాదు. అయినను యంత్రము దృష్టిలో అది ఆంగ్లమే. పంక్తిని రెండంచులకు సరిపెట్టుటకై అది ముక్కల నడుమ ఎడమును పెంచునపుడు, వత్తు తన అక్షరమును విడిచి ప్రక్కకు జరుగును. ఆంగ్లపు సూత్రము ననుసరించి పదమును విరిచినపుడు, అక్షర మొక పంక్తిలోను దాని కొమ్ము మరుసటి పంక్తిలోను పడుటయు కలదు. పైగా 128కి మీది గళ్ళ వరుస మాక్‌నం దొక తీరుగను, విండోస్‌నం దొక తీరుగను ఉండెను. ఒకచోట గుడియైన సంఖ్య వేరొకచోట మరియొక గుర్తయ్యెను.

1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పునందే తెలుగునకు 128 స్థానములు ప్రత్యేకింపబడినవి. అందులో ‘స్త్రీ’ ఆరు సంఖ్యలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. ఈ యారింటిని ఒక్క అక్షరముగా ముడివేయు పని విండోస్‌నందు తొలుత యూనిస్క్రైబ్‌ది, తరువాత డైరెక్ట్‌రైట్‌ది, మాక్‌నందు కోర్‌టెక్స్ట్‌ది, లైనక్స్‌నందు హార్ఫ్‌బజ్‌ది. పప్పు ఒకటే, పోపు పెట్టువారు వేరు. కోరిన ఫాంటు ఆ యంత్రమున లేదో, పోపు మరింత మారును. విండోస్ తన గౌతమినో నిర్మలనో, మాక్ తన తెలుగు సంగమునో కోహినూరునో, లైనక్స్ లోహిత్‌నో నోటోనో అడుగకయే తగిలించును. ఒక్కొక్కదాని వెడల్పు ఒక్కొక్క తీరు గనుక పంక్తులు విరుగుచోట్లు మారి, పుట పుటయే కదలిపోవును. పదముల నడుమ ఖాళీ సయితము ఒక్కొక్కప్పుడు ఆంగ్లపు ఫాంటునుండి వచ్చి చేరును.

ఫాంటు ఒకటే యైనను చిక్కు తీరదు. అక్షరపు ఎత్తును, లోతును తెలుపు కొలతలు ఫాంటులో ఒక్కచోట గాక రెండు మూడు చోట్ల వ్రాయబడి యుండును. విండోస్ సాధారణముగ ఒకదానిని చూచును, మాక్ మరియొకదానిని. ఆంగ్లమునకు లోతు స్వల్పము. కొలతలలో భేదమున్నను కంటికి ఆనదు. తెలుగున ‘లక్ష్మి’, ‘రాష్ట్రము’ వంటి మాటలలో వత్తు క్రింద వత్తు దిగును. ఫాంటు చేసినవారు ఒక కొలతను సరిగ నింపి మరియొకదానిని మరచినచో, ఒక యంత్రమున పంక్తులు దూరదూరముగ పరచుకొని 30 పట్టవలసినచోట 26 మాత్రమే పట్టును. వేరొక యంత్రమున అడుగువత్తు తెగిపోవును.

పెద్ద సంస్థలకు సయితము తెలుగు ముడి సులభము కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞ’ తరువాత కంటి కగపడని విడదీత గుర్తును, దీర్ఘమును చేర్చిన వరుస యొకటి ఐఫోనులందలి సందేశపు యాపులను స్తంభింపజేసినది. అదే నెలలో 11.2.6 కూర్పుతో ఆపిల్ దానిని సరిదిద్దినది. తెలుగు జ్ఞానమునకు ఇంత శక్తి గలదని నాడు లోకమునకు తెలిసినది!

నివారణోపాయములు లేకపోలేదు. 2017లో వచ్చిన లిబ్రేఆఫీస్ 5.3 కూర్పు అన్ని యంత్రములందును హార్ఫ్‌బజ్‌నే వాడనారంభించినది. వంటవాడొకడే యగుటచే రుచిభేదము చాల తగ్గినది. ఇన్‌డిజైన్‌తో కూర్చువారు వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకొనవలెను; ఎంచుకొననిచో వత్తులు విడిపోవును. ముద్రణకు పంపునది ఫాంట్లను లోపల పొదిగిన పీడీఎఫ్ కావలెను. కోరల్‌డ్రాలో పుట చేసినవారు అక్షరములను కర్వులుగ మార్చి పంపుదురు. ఈ రెంటిలో అక్షరము సీసపు అచ్చువలెనే తన ఎడమును తనతో గొనిపోవును. కాని పీడీఎఫ్‌నుండి తెలుగును మరల తీసిన తరచుగ తారుమారగును, కర్వులనుండి రానే రాదు. కావున రచనల యూనికోడ్ ప్రతిని వేరుగ దాచుట అవసరము.

పాతసంచికల సంగతి ఇంతకంటె తొందరయైనది. పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 వెలువడినది 2001లో. ఆ ఫైళ్ళు, వానికి తగిన ఫాంట్లు, వానిని తెరువగల పాతయంత్రములు మూడును ఒక్కచోట నున్నంతవరకే ఆ రచనలు చదువబడును. యూనికోడ్‌లోనికి మార్చు ఉపకరణములు గలవు. మార్చిన పిదప మూలముతో పోల్చి దిద్దుటకు తెలుగు కన్ను కావలెను. కాలధర్మము చెందిన సభ్యుల వ్రాతలు ఎన్ని ఇండ్లలో సీడీలయందు పడియున్నవో సంఘములు వెదకి చూచుట మంచిది.

క్రొత్తసంచికకు మాత్రము పని చిన్నది. పుట యంత్రమున కెక్కకముందు తెలుగు చదువగలవా రొకరు ఆపరేటరు ప్రక్కన కూర్చుండి, ‘లక్ష్మి’, ‘రాష్ట్రము’, ‘స్త్రీ’ యను మూడు మాటలను కాగితముపై అచ్చు తీయించి చూచినచో చాలును. అది పది నిమిషముల పని.