అంకెలలో నాదము

ద్వారం వేంకటస్వామినాయుడుగారి ఫిడేలు పలికిన పాత గ్రామఫోను ప్లేటు మీ యింట నున్నదా? విజయనగరమున సంగీత కళాశాల 1919లో నెలకొనినది. ఆదిభట్ల నారాయణదాసుగారి పిమ్మట 1936లో నాయుడుగారు దానికి ప్రధానాచార్యులైరి. అట్టివారి నాదము ముల్లు దింపిన ప్రతిసారియు కొంచెముగా అరిగిపోవుచున్నది. దానిని డిజిటల్ పద్ధతిని భద్రపరచుడని మేము చెప్పగా, శ్రీకాకుళపు శ్రోత యొకరు, “నాదమును ముక్కలు చేసినచో, నడుమ గమకము జారిపోదా?” అని యడిగిరి. ఆ సందేహమునే నేడు విచారింతము.

ధ్వని గాలిలో అలలుగా వచ్చును. యంత్రము ఆ అల యెత్తును వెంటవెంటనే కొలిచి అంకెలుగా వ్రాసికొనును. 1982లో వెలువడిన కాంపాక్ట్ డిస్కునకు సెకనుకు 44,100 కొలతలు. ఒక్కొక్క కొలత 65,536 మెట్లలో నొకటి. దీనినే 16 బిట్ల కొలత యందురు. మూడు నిమిషముల పాటకు 79,38,000 కొలతలన్నమాట! ధ్వనిలోని అత్యధిక కంపన సంఖ్యకు రెట్టింపును మించి కొలిచినచో, కొలతల నడుమనున్న వంపు సైతము తిరిగి లభించునని 1949లో క్లాడ్ షానన్ ప్రకటించిన సిద్ధాంతము చెప్పుచున్నది. మన చెవి సెకనుకు ఇంచుమించు 20,000 కంపనములకు మించి వినజాలదు. గమకపు ఊపు సెకనుకు కొలదిసారులు మాత్రమే. కావున అది జారిపోదు.

కొలతలు చాలనిచో మాత్రము చిక్కు కలదు. చలనచిత్రమున బండిచక్రము వెనుకకు తిరుగుచున్నట్లు తోచుట మీరు చూచియుందురు. శబ్దమునందును అట్టి మాయయే కలిగి, వాయింపని స్వరములు పుట్టును. అందుచేతనే కొలతకు ముందు మితిమీరిన కంపనములను వడగట్టుదురు.

అసలు నష్టము వేరొకచోట నున్నది. మేమొకసారి పాత ప్లేటులోని చిటపటలను తొలగింపబోయి, అతిగా తుడిచితిమి. చిటపటలతోబాటు కమాను తీగపై ఒరయు సవ్వడియు పోయినది. మిగిలినది ఫిడేలో హార్మోనియమో తెలియలేదు! మొదటి ప్రతిని దాచకపోవుటచే, అరిగిన ప్లేటుపై మరల ముల్లు దింపవలసి వచ్చినది.

కనుక మా మనవి యిది. ఆ ప్లేట్లు లక్కతో చేసినవి, స్పిరిటుతో తుడువరాదు. ఎల్‌పీ ముల్లు వాని గాడికి మిక్కిలి సన్నము. తగిన ముల్లునే వాడుడు. వేగము తప్పినచో శ్రుతియే మారును. సెకనుకు 48,000 కొలతలకు తగ్గకుండ, 24 బిట్లతో ఎక్కించి, ఆ ప్రతిని తాకక దాచుడు. మరమ్మతులన్నియు నకలుపైననే చేయుడు. ఇరుగుపొరుగులకు పంపుటకై కుదించిన చిన్న ప్రతిని మూలమని భ్రమింపకుడు.

నాయుడుగారు 1964లో కీర్తిశేషులైరి. మీ అటకమీది ప్లేటు వంటిది మరియొకచోట నున్నదో లేదో చెప్పజాలము. మరల ముల్లు దింపుటకు ముందు, దానిని శాశ్వతముగా దాచు ఏర్పాటు చేసికొనుడు.