ప్రాణరక్షణకు శిక్షణ: పంచాయతీల కర్తవ్యము

(ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామముల పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



బాట వేయించుట, మంచినీరు అందించుట, వీధి దీపములు పెట్టించుట మీ బాధ్యతలని మీరెరుగుదురు. ఈనాడు మేము మనవి చేయు విషయము వీనికంటె చిన్నది కాదు. బ్రతుకుపై విసిగిన మనిషిని నిలువరించి, బ్రతికించుకొనుట కూడ గ్రామము నేర్వవలసిన విద్యయే.

2022వ సంవత్సరమున మన దేశములో 1,70,924 మంది ఆత్మహత్య చేసికొన్నట్లు జాతీయ నేర రికార్డుల బ్యూరో నమోదు చేసినది. ఇందుకు కారణ మొక్కటి కాదు. మిరప ధర పడిపోవుట, ప్రత్తి దెబ్బతినుట, అప్పు, త్రాగుడు, ఇంటి కలహము, దీర్ఘవ్యాధి ఒకదానిపై నొకటి పేరుకొన్నపుడు మనసు క్రుంగును. ఆ క్రుంగుబాటు చికిత్సకు లొంగునది. దానిని విధివ్రాత యని విడువరాదు.

మానసిక వైద్యులు సాధారణముగా పట్టణములందే యుందురు. చర్ల, దుమ్ముగూడెము ప్రాంతముల వారికి భద్రాచలము చేరుటయే ప్రయాస. 2022 జూలైలో గోదావరి అచట 71 అడుగులు దాటినపుడు ఆ ప్రయాస యెంతటిదో మీకు తెలియును. కనుక మొదటి సాయము ఊరిలోనే లభింపవలెను. ఇది క్రొత్త ఆలోచన కాదు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 1980 దశకమున బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకు, కార్యకర్తలకు మానసిక వ్యాధులను గుర్తించుట నేర్పినది. ఆ మాదిరిపైననే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము ఆరంభమైనది. మొదటి నాలుగు జిల్లాలలో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదకు ఒకటి.

శిక్షణ యనగా గ్రామస్థుని వైద్యునిగా చేయుట కాదు. నాలుగు పనులు నేర్పుట.

మొదటిది గమనించుట. నలుగురిలో తిరుగు మనిషి రచ్చబండకు రాకుండుట, నిద్రాహారములు మానుట, తన వలన అందరికిని భారమని పలుమార్లు పలుకుట హెచ్చరికలు.

రెండవది అడుగుట. చనిపోవలెనను తలంపు కలుగుచున్నదా యని ఏకాంతమున, మెత్తగా, సూటిగా అడుగవలెను. అడిగినచో లేని తలంపు పుట్టునను భయము అపోహ యని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది.

మూడవది వినుట. నీతులు చెప్పక, మందలింపక వినవలెను. విన్నది వీధిలో చాటరాదు; ప్రాణరక్షణకు అవసరమైన వారికి మాత్రమే చెప్పవలెను.

నాలుగవది చేర్చుట. ప్రమాద మాసన్నమైనచో మనిషిని ఒంటరిగా విడువక 108కి కబురు చేయవలెను. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి మానస్ సంఖ్య 14416కు రాత్రింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే మాట్లాడవచ్చును.

పురుగుమందు ఇంటిలో చేతికందునట్లు ఉంచుట గొప్ప ప్రమాదము. తమిళనాడులోని కడలూరు జిల్లాలో రెండు గ్రామముల రైతులు తమ మందులను ఒక ఉమ్మడి గదిలో, తాళములు గల పెట్టెలలో భద్రపరచిరి. ఆ యూళ్లలో పురుగుమందుల వలన కలుగు ఆత్మహత్యాయత్నములు తగ్గినట్లు 2013లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. ఒక గది, ఒక తాళము పంచాయతీకి మించిన పని కాదు.

పోలీసు కేసగునను భయముతో కొందరు బాధితుని ఆసుపత్రికి చేర్చుటకు జంకుదురు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 115వ సెక్షను ప్రకారము, వేరుగా రుజువు కానంతవరకు అట్టివారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావింపబడుదురు, శిక్షింపబడరు. వారికి చికిత్స, పునరావాసము కల్పించుట ప్రభుత్వ విధి. ఈ మాట గడపగడపకు చేరవలెను.

కావున రాబోవు గ్రామసభలో ఒక స్త్రీని, ఒక పురుషుని ఎన్నుకొని, శిక్షణ యిప్పింపుడని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారికి తీర్మానము పంపుడు. కోయగూడెములలో కోయభాష తెలిసినవారినే ఎన్నుకొనుడు. దుఃఖము తల్లిభాషలోనే బయటపడును. ఆసుపత్రినుండి తిరిగివచ్చిన వాని గడపను మొదటి నెలలలో తరచుగా త్రొక్కుడు. అతనికి నాగలి పట్టుటలో తోడుపడుడు. ఊరు తనను వెలివేయలేదని తెలిసిన మనిషికి బ్రతుకుపై ఆశ తిరిగి చిగురించును.