ఐదు నుంచి ఏడు వరకు



డిటెక్టివ్ నవల అంటే మనకి కాస్త చిన్నచూపు. రైల్లో కాలక్షేపానికి కొనుక్కునేది, పిల్లలు క్లాసు పుస్తకం మధ్యలో దాచుకుని చదివేది అనుకుంటాం. అలాంటి నవలలే రాసి కోట్ల డాలర్లు గడించిన ఒక ఇల్లాలి సంగతి ఇవాళ చెబుతాను. ఆమె పేరు మేరీ హిగ్గిన్స్ క్లార్క్. అమెరికా దేశస్థురాలు. ఆమె పుస్తకాలు ఆ ఒక్క దేశంలోనే పది కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయాయి. ఆ డబ్బు ఎంతో చెప్పేముందు, అది ఇంట్లో ఏ గదిలో, ఏ వేళప్పుడు పుట్టిందో వినండి.

మేరీ 1927 డిసెంబరు 24న న్యూయార్కులోని బ్రాంక్స్ అనే పేటలో పుట్టింది. తండ్రి చిన్న పానశాల నడిపేవాడు. ఆమె పదకొండేళ్ళ ప్రాయంలో ఉండగా ఆయన నిద్రలోనే కన్నుమూశాడు. ముగ్గురు పిల్లలతో మిగిలిన తల్లికి ఎక్కడా ఉద్యోగం దొరకలేదు. ఇంట్లో గదులు అద్దెకిస్తామనీ, వంటిల్లు కూడా వాడుకోవచ్చుననీ బోర్డు పెట్టింది. మేరీ తన పడకగదిని అద్దెవాళ్ళకి వదిలేయాల్సొచ్చింది. అయినా చివరికి ఆ ఇల్లు దక్కలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత, 2002లో తన స్వీయచరిత్ర అచ్చువేసినప్పుడు, ఆమె దానికి ఆ బోర్డు మీది మాటల్నే పేరుగా పెట్టింది: ‘కిచెన్ ప్రివిలెజెస్’.

హైస్కూలు అయ్యాక కాలేజీకి వెళ్ళే యోగం లేకపోయింది. సెక్రటరీ పని నేర్చుకుని ఆఫీసులో చేరింది. 1949లో పాన్ అమెరికన్ విమానాల్లో ఎయిర్ హోస్టెస్‌గా దేశదేశాలు తిరిగింది. ఆ ఏడాది డిసెంబరులోనే వారెన్ క్లార్క్‌తో పెళ్ళయింది. ఇక సంసారం, ఒకరి వెనక ఒకరుగా ఐదుగురు పిల్లలు.

పెళ్ళయిన కొత్తలో ఆమె న్యూయార్కు విశ్వవిద్యాలయంలో కథారచన తరగతికి వెళ్ళింది. అక్కడి మాస్టారు ఒక కిటుకు చెప్పారు. నిజంగా జరిగిన సంఘటన ఒకటి తీసుకోండి, ‘ఒకవేళ ఇలా జరిగి ఉంటే?’ అని ప్రశ్నించుకోండి అని. ఆమె జన్మంతా పట్టుకున్న సూత్రం అదే. అయితే సూత్రం తెలిసినంత మాత్రాన కథలు అచ్చయిపోతాయా? నలభైసార్లు తిరుగుటపాలో వచ్చాక, ఆరేళ్ళకి, 1956లో మొదటి కథ అమ్ముడైంది. ముట్టింది నూరు డాలర్లు!

1964లో అసలు పరీక్ష వచ్చింది. భర్త గుండెజబ్బు మనిషి. ఒకరోజు రాత్రి ఆయన పోయాడు. కొడుకు పోయాడని తెలిసి అత్తగారు ఆ మంచం దగ్గరే కుప్పకూలి ప్రాణం వదిలింది. పెద్దపిల్లకి పదమూడేళ్ళు, ఆఖరుదానికి ఐదు. ఊహించుకోండి, ఆ ఇల్లు ఎలా ఉండి ఉంటుందో.

ఆదుకున్నది రేడియో. అమెరికా అధ్యక్షుల గురించి నాలుగేసి నిముషాల కార్యక్రమాలకి స్క్రిప్టులు రాసే పని దొరికింది. రేడియోకి రాసేవాళ్ళకి తెలుసు, నాలుగు నిముషాల్లో ఒక మాట ఎక్కువైతే మరో మాట కోసెయ్యాలి. సస్పెన్సు నవలకి కావలసిన పొదుపు ఆమెకి అక్కడే అలవాటైంది.

పగలంతా ఉద్యోగం, సాయంత్రం పిల్లలు. మరి నవల ఎప్పుడు? తెల్లవారుజామున ఐదింటికి లేచి, వంటింటి బల్లమీద టైపు మిషను పెట్టుకుని, ఏడింటికి పిల్లల్ని లేపేదాకా రాసుకునేది. మొదటి పుస్తకం జార్జి వాషింగ్టన్ దంపతుల మీద. అది బొత్తిగా అమ్ముడుపోలేదు. వేరే ఎవరైనా అయితే ఆ రెండు గంటలూ హాయిగా నిద్రపోదురు. ఆమె మాత్రం మర్నాడూ ఐదింటికే లేచింది.

అప్పుడు రాసిందే ‘వేర్ ఆర్ ది చిల్డ్రన్?’ కన్నబిడ్డల్ని చంపిందని ఒక తల్లిమీద న్యూయార్కులో నడిచిన కేసు ఆమె మనసులో పడింది. ‘ఒకవేళ ఆ తల్లి నిర్దోషి అయితే? ఊరు మారి, మళ్ళీ పెళ్ళాడి, మళ్ళీ ఇద్దరు పిల్లల్ని కన్నాక, ఆ పిల్లలు కూడా మాయమైతే?’ అనుకుంది. సైమన్ అండ్ షూస్టర్ సంస్థ మూడువేల డాలర్లిచ్చి తీసుకుంది. మూడు నెలలు తిరిగేసరికి పేపర్‌బ్యాక్ హక్కులు లక్ష డాలర్లకి పోయాయి. 1975లో పుస్తకం వచ్చేనాటికి ఆమెకి నలభైయేడేళ్ళు.

రెండో సస్పెన్సు నవలకి రెండు రకాల ప్రతుల హక్కులూ కలిపి పదిహేను లక్షలు! ఆ కబురు విన్నరోజు రాత్రి క్లాసు ముగించుకుని ఇంటికి వస్తుంటే, ఆమె పాత కారు పొగగొట్టం ఊడి రోడ్డుమీద ఈడ్చుకుంటూ వచ్చిందట. మర్నాడు కాడిలాక్ కారు కొనుక్కుంది. పోనీండి, ఆ మాత్రం ముచ్చట ఉండద్దూ!

తర్వాత లెక్కలు మన నోటికి అందవు. 1980ల చివర ఒకే ఒప్పందానికి కోటి డాలర్ల పైన. 2000లో ఐదు పుస్తకాలకి 6 కోట్ల 40 లక్షలు. అది ఎవరూ ఊరికే ఇచ్చింది కాదు. రచయితకి రాబోయే రాయల్టీలో ప్రచురణకర్త ముందుగా ముట్టచెప్పే సొమ్ము. ఈవిడ పుస్తకం ఇస్తానంటే ఇస్తుంది, అది అమ్ముడవుతుంది అన్న నమ్మకానికి కట్టిన వెల అది. ఆ నవలల్లో రక్తపాతం వర్ణనలుండవు, అసభ్యమూ ఉండదు. మనలాంటి మామూలు ఆడవాళ్ళే కష్టంలో చిక్కుకుని, బుద్ధిబలంతో బయటపడతారు. అందుకే తల్లీ కూతురూ ఒకే పుస్తకం పంచుకుని చదవగలిగారు. అమ్మ రాతప్రతులు టైపు చేస్తూ పెరిగిన కూతురు కేరొల్ కూడా రచయిత్రి అయింది.

ఇంతకీ ఆమె సంపాదనలో నాకు గొప్పగా తోచింది ఇంకొకటుంది. చిన్నప్పుడు అందని కాలేజీ చదువుని ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. ఇందాక చెప్పిన క్లాసు అదే. 1979లో, యాభై దాటాక, ఫోర్డమ్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రంలో పట్టా పుచ్చుకుంది, అదీ అత్యున్నత శ్రేణిలో. మెట్రిక్‌తో ఆగిపోయిన నాబోటి వాళ్ళకి కాడిలాక్ కంటే ఆ పట్టామీదే కన్ను పడుతుంది.

2020 జనవరి 31న, తొంభై రెండో ఏట ఆమె కన్నుమూసింది. దాదాపు చివరిదాకా రాస్తూనే ఉంది.

మనందరం నవలలు రాయనక్కర్లేదు, రాసినా కోట్లు రావు. ఆమె కూడా డబ్బు చేతికందేదాకా ఉద్యోగం వదల్లేదు, గుర్తుంచుకోండి. కాని ఒక మాట ఆలోచించండి. ఇంటిల్లిపాదీ నిద్రపోతేనే తప్ప ఒక ఇల్లాలికి తనవంటూ రెండు గంటలు ఎందుకు దొరకవు? మేరీకి భర్త లేడు, నిద్ర మానుకుంది. మన ఇళ్ళల్లో భర్తలున్నారు, ఎదిగిన పిల్లలున్నారు. సంగీతమో, కుట్టుపనో, ఆగిపోయిన పరీక్షో, ఏదైనా సరే, ‘ఈ రెండు గంటలూ నావి, కాఫీ మీరే కలుపుకోండి’ అని నవ్వుతూనే చెప్పి చూడండి. మొదటివారం గొణుగుతారు. రెండోవారానికి పంచదార డబ్బా ఎక్కడుందో వాళ్ళకే తెలుస్తుంది.

సెలవు.